ఉప్పునేలలో ఇళ్ళు

అచ్చుగది, మిల్లు వెనక వీధి
వానలు మొదలైన వారం

బావకి,

ఆ ఇళ్ళను నువ్వు నీ కళ్ళతో చూశావా?

క్షేమసమాచారాలు తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పు. నువ్వు పంపిన ప్రకటన నా ముందే ఉంది. ‘మిల్లు వెనక వీధిలో ఉంటున్న మనవాళ్ళందరికీ ఊరి బయట ఉప్పునేలలో కొత్త ఇళ్ళు సిద్ధం. ఇంటికి రెండు గదులు, కుళాయి, కిటికీ. ఇప్పుడున్న గదుల మీద హక్కు వదులుకుంటున్నామని నెలాఖరులోగా మిల్లు ఆఫీసులో వేలిముద్ర వేసినవారికి ముందుగా ఇవ్వబడును.’ అక్షరాలు కూర్చుతూ కూర్చుతూ ‘సిద్ధం’ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

ఈ గదుల మీద మనవాళ్ళకి హక్కు తెచ్చింది ఎవరు? నువ్వు. ఈ పరాయి దేశంలో మిల్లు యజమాని మనల్ని దూది బస్తాల్లా వరండాలో పడేస్తే, వారం వారం నీ పత్రికలో రాసి, కోర్టు మెట్లెక్కి, ‘ఈ గదులు వాళ్ళవి’ అనిపించావు. అందుకే కదా జనం నిన్ను భుజాల మీద మోసి శాసనసభకి పంపారు. ఇప్పుడు ఆ హక్కే వదులుకోమంటున్నావు. సరే, మంచి ఇల్లు వస్తుందంటే వదులుకుంటారు. చూశావా అని అడుగుతున్నానంతే.

నీ పత్రికని ఇక్కడ ఎలా చదువుతారో నీకు గుర్తు చెయ్యాలా? ఆదివారం ఆరాధన అయ్యాక, గ్రంథం మూసిన బల్ల మీదే నేను పత్రిక తెరుస్తాను. ఆ అలవాటు పెట్టింది నువ్వే. “మనవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు వేళ్ళ మీద ఉన్నారు. నీ గొంతు గంట. నువ్వు చదివితే మిల్లు మోత కూడా వినపడదు” అన్నావు. నా పేరు గంట అయింది ఆ రోజే. గ్రంథానికి ఆమెన్ అన్న నోళ్ళు ఊరుకోలేక పత్రికకీ ఆమెన్ అనడం మొదలెట్టాయి. బొగ్గు ధర పెరిగింది, ఆమెన్. మేస్త్రీకి కాలు విరిగింది, ఆమెన్. ఆ మేస్త్రీ వెనక బెంచీలోంచి కర్ర ఊపుతూ “ఎవడ్రా ఆమెన్ అన్నది?” అని అరిస్తే కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. కానీ బావా, ఇల్లు వదలమని చదివినా ఆమెనే అంటారు. అని ఊరుకోరు, వెళ్ళి వేలు పెడతారు.

గోడ మీది కావలివాడు కత్తి రావడం చూసి కూడా బూర ఊదకపోతే, పోయిన ప్రాణాలకి వాడే జవాబు చెప్పాలని గ్రంథంలో ఉంది. గోడ మీద ఉన్నది నేను. చూసే కళ్ళు మాత్రం నీవి.

నిన్న కుట్టుపని పెద్దమ్మ పత్రికలు మడతపెడుతూ “బాబు ఏం రాశాడు?” అంది. చెప్పాను. “కిటికీ అన్నాడా?” అని మళ్ళీ అడిగింది. ఆవిడ గదికి కిటికీ లేదు కదా, సూదిలో దారం ఎక్కించడానికి గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది.

అక్క ఎలా ఉంది? దాని చేత్తో రెండు ముక్కలు రాయించు.

నీ గంట

*

సభ్యుల నివాసం, మూడో అంతస్తు

ఒరే గంటా,

ఉత్తరం రాశావా, కోర్టు సమన్లు పంపావా? నీ ముందు బోనులో నిలబడ్డట్టే ఉంది.

ఇక్కడ నా బతుకు విను, కాస్త నవ్వుకుంటావు. గదిలో కిటికీ తెరిస్తే అవతలి మేడ గోడ చేతికి తగులుతుంది. సభలో నా పేరు ఎవడికీ నోరు తిరగదు, అందుకని ‘పత్రికాయన’ అంటారు. నేను మాట్లాడటానికి లేస్తే టీ తాగడానికి లేస్తారు. మొన్న మాత్రం లేవలేదు. మన వీధి సంగతి నేనే సర్దుబాటు చేస్తానని చెప్పినప్పుడు బల్లలు చరిచారు. నా మాటకి బల్ల చప్పుడు వినడం అదే మొదటిసారి.

ఇళ్ళ నక్షా చూశాను. గోడంత నక్షా, రంగులు వేసి, చెట్లతో సహా. సంబంధిత అధికారి కర్రతో చూపించి మరీ చెప్పాడు. నువ్వు అనుమానాలు పెట్టుకోకుండా చదివెయ్. నీ గొంతుతో చదివితేనే అది జనానికి ఎక్కుతుంది. పెద్దమ్మకి చెప్పు, కిటికీ తూర్పు వైపు.

మీ అక్క బాగానే ఉంది. కొత్త చోటు, నీళ్ళు పడలేదు, అంతే. తర్వాత రాస్తుందిలే.

మీ బావ

*

అచ్చుగది

బావకి,

చదివాను. నక్షా చూశానన్నావు, ఇళ్ళు చూశానని అనలేదు. ఆ తేడా నాకు చదివేటప్పుడు తెలుస్తూనే ఉంది. ‘సిద్ధం’ దగ్గర గొంతు కాస్త జారింది. మా బావే కదా అని సర్దుకున్నాను.

ఆమెన్ ఎంత గట్టిగా వచ్చిందంటే దీపం గాజు అదిరింది. ముందు వరసలోంచి పెద్దమ్మ లేచింది.

“ఇది బాబు రాసిందేనా?”

“ఆయనదే పెద్దమ్మా.”

“అయితే వేలు ఎక్కడ పెట్టాలి?”

ఇస్త్రీ పెట్టే ఆయన ఊరుకోడు కదా. “కూరగాయలు కొన్నా అటూ ఇటూ తిప్పి చూస్తావు, ఇల్లు చూడకుండా కొనేస్తావా?” అన్నాడు.

“నువ్వు తిప్పి చూసుకో. బాబు మొదటిసారి సభకి వెళ్తుంటే కోటు కుట్టింది నేను. వాడి భుజాలు కొలిచిన దాన్ని, వాడి మాట కొలవలేదనుకున్నావా?” అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే వరస కట్టి మిల్లు ఆఫీసుకి వెళ్ళారు.

ముందు వేలు పెట్టింది కాబట్టి ముందు లారీ ఆవిడకే వచ్చింది. కుట్టుమిషను, బియ్యం డబ్బా, పరుపు, ఆవిడ. లారీ మలుపు తిరగకముందే మిల్లు మనుషులు ఆవిడ గది తలుపు ఊడదీసి పట్టుకెళ్ళారు. తలుపుతో వాళ్ళకేం పని బావా? ఆ మాట నన్ను తొలుస్తోంది.

ఇంకో మాట. పోతూ పోతూ, “కాగితాలు పంపుతూ ఉండు గంటా, అక్కడ కూర్చుని మడతపెడతాను, చేతులు ఊరికే ఉండవు” అంది. ప్రతి వారం వడ్రంగి సైకిలు మీద పట్టుకెళ్తానన్నాడు. అక్షరం రాని మనిషి, పత్రిక పుట్టిన రోజు నుంచి ప్రతి కాగితాన్నీ నీ పేరు పైకి వచ్చేలా మడిచింది.

మళ్ళీ అడుగుతున్నాను. వెళ్ళి చూడవూ?

గంట

*

సభ్యుల నివాసం

గంటా,

రెండు ముక్కలే, సభకి వేళయింది. వేలిముద్రల కాగితాలు చేరాయి. పార్టీ పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఖాళీ చేయించే ఉత్తర్వు మీద మన జనం తరఫున హామీ సంతకం నాదే. ఎవరికీ ఇబ్బంది రాకుండా నేనే పూచీ అన్నమాట. నీ గొంతు ఇంత పని చేసిందని పెద్దాయనతో చెప్పాను. ‘అలాంటి మనిషి మనకీ కావాలే’ అన్నాడు. పొంగిపోకు.

తలుపు సంగతి చిన్నది. పాత సామాను వాళ్ళది, పట్టుకెళ్ళారు.

మీ బావ

*

అచ్చుగది
ఈదురుగాలి వారం

గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి,

తమరు చూడలేదు కాబట్టి వడ్రంగి చూసివచ్చింది విన్నవించుకుంటున్నాను.

ఉప్పునేలలో మేకులు పాతారు. మేకులకి తాళ్ళు కట్టారు. ఇళ్ళు వచ్చే చోట సున్నంతో గీతలు గీశారట, వాన కడిగేసింది. ఉన్నది ఒక రేకుల షెడ్డు. పైన రేకులు, కింద గుంజలు, గోడల్లేవు. పనివాళ్ళు సిమెంటు దాచుకోవడానికి వేసుకున్నది. సిమెంటు ఇంకా రాలేదు కాబట్టి అందులో మన పెద్దమ్మని దాచారు. కిటికీ కోసం వెళ్ళిన మనిషికి నాలుగు వైపులా కిటికీయే దొరికింది.

“మా గదికి వచ్చెయ్, మా ఆవిడ నీకు చోటు సర్దుతుంది” అన్నాడట వడ్రంగి. ఆవిడ ఏమందో తమరు వినాలి. “నేను వెనక్కొస్తే మిగతావాళ్ళు బెదిరిపోతారయ్యా. బాబుకి మాట వస్తుంది. వానలకి ఆలస్యమైంది, కట్టించడూ?” వడ్రంగి మేకులు కొట్టే మనిషి, సుతిమెత్తని వాడు కాడు. ఈ మాట చెప్పలేక గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు నేను వెళ్ళి బతిమాలాను. నాకూ అదే చెప్పి, “గాలికి కాగితాలు ఎగురుతున్నాయి, ఒక గోనె పంపు” అంది.

ఆదివారం బల్ల దగ్గర నిలబడి, “నేను మీకు చదివింది నిజం కాదు. అక్కడ ఇళ్ళు లేవు. ఎవరూ లారీ ఎక్కకండి” అన్నాను. బొగ్గు ధరకి ఆమెన్ అన్న నోళ్ళలో ఒక్కటీ పెగల్లేదు. ఇస్త్రీ ఆయన పక్కవాడితో, “బావా బావమరుదులకి ఎక్కడో చెడింది” అన్నాడు. ఇంకొకాయన, “అచ్చులో పడిందా?” అన్నాడు. తమరి పత్రికని గ్రంథం పక్కన పెట్టి ఇన్నేళ్ళు చదివినవాణ్ణి నేనే. ఇప్పుడు నోటితో కాదంటే ఎవరు నమ్ముతారు? ఈ వారం అచ్చులోనే వేస్తున్నాను.

తమరి విధేయుడు,
బోధకుడు

*

సభ్యుల నివాసం

ఒరే,

తిట్టాలంటే తిట్టు, ఈ ‘తమరు’ ఏమిట్రా? చెంప మీద కొట్టినట్టుంది. పరుపు చుట్టలో సీసపు అక్షరాలు దాచుకుని ఓడ దిగింది నువ్వూ నేనూ. సుంకం వాడు చుట్ట ఎత్తలేక “ఇందులో శవం ఉందా?” అంటే, “లేదు దొరా, మా భాష ఉంది” అని నువ్వే అన్నావు. అలాంటివాడివి నన్ను తమరంటావా?

సరే, విను. ఇళ్ళు లేవు. నాకు తెలుసు. నక్షా చూసిన రోజే తెలుసు.

అరవకు, పూర్తిగా విను. మిల్లుకి ఆ వీధి కావాలి, కొత్త యంత్రాలు పెట్టుకోవడానికి. ఇవాళ కాకపోతే రేపు లాక్కుంటారు, పోలీసులతో లాక్కుంటారు. నేను గొడవ లేకుండా ఖాళీ చేయిస్తే నాకు మంత్రి పదవి ఇస్తామన్నారు. గృహాల శాఖే. అప్పుడు నా చేత్తో కట్టిస్తాను, గోడలు, కిటికీలు, అన్నీ. ఇళ్ళు ముందు వచ్చి పదవి తర్వాత రాదు గంటా. పదవే ముందు రావాలి. ఒక్క చలికాలం ఓర్చుకుంటే చాలు. మనం వరండాల్లో ఎన్ని చలికాలాలు ఓర్చుకోలేదు?

సభలో ఒంటరిగా కూర్చుంటే ఎలా ఉంటుందో నీకు తెలియదు. నీకు దేవుడున్నాడు, వెనక బెంచీల దాకా జనం ఉన్నారు. నాకు ఈ సభలో మనవాడు అన్నవాడు ఒక్కడూ లేడు.

పత్రిక నాది. ఒక్క అక్షరం వెయ్యకు. ఇది బావగా చెప్పడం లేదు, యజమానిగా చెబుతున్నాను.

*

అచ్చుగది

బావా,

పెద్దమ్మ పోయింది.

రొమ్ము పట్టేసిందన్నారు, చలి అన్నారు. వడ్రంగి ఈ వారం కాగితాలు పట్టుకెళ్ళేసరికి మిషను పక్కన ముడుచుకుని ఉంది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేను పంపిన గోనె ఆవిడ మీద లేదు. నీ పత్రికల కట్ట మీద ఉంది. మడతలు అన్నీ పూర్తిచేసి, తడవకుండా కప్పి పెట్టింది.

ఒక్క చలికాలం ఓర్చుకుంటే చాలన్నావు. ఆవిడ ఓర్చుకోలేకపోయింది, క్షమించు.

ఆ ఉప్పునేలలోనే పూడ్చాం. మట్టి తడిగా ఉండి పారకి అంటుకుపోతోంటే ఇస్త్రీ ఆయన చేతులతో తోశాడు. సమాధి దగ్గర ఏం చదవాలో నాకు తోచలేదు. వాక్యం నోటికి రాకపోవడం నా బతుకులో ఇదే మొదలు.

గంట

*

సభ్యుల నివాసం

శ్రీ బోధకుడు గారికి,

మిల్లు వెనక వీధి వాస్తవ్యురాలు, కుట్టుపని చేయు వృద్ధురాలి ఆకస్మిక మృతి వార్త విని తీవ్ర దిగ్భ్రాంతి చెందితిమి. వారి ఆత్మకు శాంతి చేకూరవలెనని ప్రార్థిస్తూ, పుష్పగుచ్ఛము పంపుచున్నాము.

(గుమాస్తా రాశాడు. నాకు రాయబుద్ధి కాలేదు. పత్రికలో ఆవిడకి సగం పేజీ వెయ్యి, బాగా వెయ్యి. షెడ్డు మాట ఎత్తకు. మిగతా లారీలు సోమవారం పొద్దున వస్తాయి. ఆపడం ఇప్పుడు నా చేతిలో లేదు.)

*

(అదే కవరులో, మందుల చీటీ వెనక)

తమ్ముడూ,

ఆయన చూడకుండా పెడుతున్నాను. నాకు నీళ్ళు పడకపోవడమేమీ లేదు. నీకు రాయనివ్వలేదు, అంతే. నేను రాస్తే నిజం రాస్తానని ఆయనకి తెలుసు.

ఆపడం తన చేతిలో లేదన్నారు కదా. ఉంది. హామీ సంతకం ఎవరిదైతే వాళ్ళు సభ జరుగుతుండగా లేచి ‘వెనక్కి తీసుకుంటున్నాను’ అంటే ఉత్తర్వు ఆగుతుందని గుమాస్తా ఆయనతో చెబుతుంటే విన్నాను. సభ శనివారంతో ముగుస్తుంది.

పెద్దమ్మ కబురు వచ్చినప్పటి నుంచి ముద్ద ముట్టడం లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటారు. ఆ కోటు తీసి కుర్చీకి తగిలించి, దాన్ని చూడకుండా అటు తిరుగుతారు. నేనేం మాట్లాడినా “నీకు తెలియదు” అంటారు. చెడ్డవాడైపోలేదురా. భయపడిపోయారు. నీ మాట వింటారు. తిట్టి కాదు, పిలిచి చూడు.

అక్క

*

అచ్చుగది
శుక్రవారం

బావా,

‘తమరు’ లేదు. నువ్వే. నా బావవి.

నువ్వు వద్దన్నా అచ్చు వేశాను. ఉద్యోగంలోంచి తీసెయ్. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘ఉప్పునేలలో ఇళ్ళు లేవు’ అని వేశాను. మడతపెట్టేవాళ్ళు లేక కాగితాలు రేకుల్లా పడి ఉంటే నేనే మడిచి, ఇల్లిల్లూ తిరిగి, గుమ్మంలో నిలబడి చదివాను. ఏమన్నారో విను. “బాబు ఊళ్ళో లేని సమయం చూసి వీడు రాసుకున్నాడు.” పెద్దమ్మని పూడ్చిన చేతులతోనే ఇస్త్రీ ఆయన సామాను కట్టుకుంటున్నాడు. “ముసలిది, వయసైపోయింది. బాబు మనకి అబద్ధం చెబుతాడా?” అంటున్నాడు. పసిపిల్ల తల్లి ఒకామె గది గోడలకి ముద్దు పెట్టి వచ్చి, కొత్త ఇంటి కిటికీకి తెర కుట్టుకుంటోంది. ఎంత వెడల్పు కుట్టాలని నన్నే అడిగింది. కొలత ఏం చెప్పమంటావు బావా?

ఈ నమ్మకాన్ని కట్టింది మనిద్దరం. నువ్వు రాశావు, నేను దేవుడి బల్ల మీద పెట్టి చదివాను. దాన్ని విప్పడానికి నా గొంతు చాలడం లేదు. నీ నోరు కావాలి. ఇంకెవరిదీ పనికిరాదు.

గ్రంథంలో ఒక రాజు ఉన్నాడు, నీకు గుర్తుందో లేదో. కోట పక్కన ఒక బీదవాడి ద్రాక్షతోట ఉంది. అది కావాలన్నాడు, వాడు ఇవ్వనన్నాడు. రాజు చంపలేదు బావా. ఒక్క దెబ్బ కొట్టలేదు. అన్నం మానేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముద్ర మాత్రం వేరేవాళ్ళ చేతికి పోనిచ్చాడు. తోటవాడు రాళ్ళ కింద చచ్చాడు. ఆ నెత్తురుకి జవాబు ఎవరు చెప్పాలని అడగడానికి ప్రవక్త వచ్చినప్పుడు, గోడవైపు పడుకున్నవాణ్ణే అడిగాడు. ముద్ర నాది, చెయ్యి నాది కాదు అనడానికి ఆ రాజుకి చోటు లేకపోయింది. నీకూ లేదు.

కానీ ఆ కథ అక్కడితో అయిపోలేదు. అందరూ ఆ ముక్క వదిలేస్తారు. నేనూ చాలాసార్లు వదిలేసి చదివాను. ఆ రాజు బట్టలు చింపుకుని, గోనె కట్టుకుని, తల వంచుకుని నడిచాడు. వంచిన తలని దేవుడు చూశాడు. అలాంటివాణ్ణే చూశాడు బావా, వాడికంటే నువ్వు చెడ్డవాడివా? గోనె ఇక్కడే ఉంది. నీ పత్రికల మీంచి తీసి మడిచి పెట్టాను.

నువ్వు ఒంటరినని రాశావు. అది చదివి నాకు కోపం రాలేదు. బల్లలు చరిచినవాళ్ళు నీవాళ్ళు కారు. ఓడలో వాంతులు చేసుకుంటూ కూడా అక్షరాల చుట్ట వదలని మనిషి ఒకడున్నాడే, వాడి దగ్గరికి రా. పదవి పోతుంది. పోనీ. అచ్చుగదిలో నీ కుర్చీ ఇంకా అలాగే కుంటుతోంది, కాలి కింద పెట్టిన చెక్కముక్క కూడా మార్చలేదు.

ఈ ఉత్తరాన్ని టపాలో వెయ్యడం లేదు. వడ్రంగి తెస్తున్నాడు. శనివారం పొద్దున నీ చేతిలో పడుతుంది. నువ్వు చదివేంతసేపూ నీ గుమ్మంలోనే నిలబడతాడు, టీ ఇచ్చినా తాగడు, అలా చెప్పి పంపాను. సోమవారం లారీలు వస్తే నేను వాటి ముందు పడుకుంటాను. నన్ను ఈడ్చేస్తారు, మనవాళ్ళే ఈడ్చేస్తారు, బాబు పని చెడగొడుతున్నానని. సోమవారం నా వల్ల కాదు. శనివారమే, నీ వల్లే.

లే బావా. గోడవైపు నుంచి ఇటు తిరుగు. కుర్చీకి తగిలించిన కోటు తొడుక్కో, ఆవిడ కుట్టిందే. మెట్లు దిగు. సభలోకి వెళ్ళి, టీకి లేచేవాళ్ళు లేచినా సరే, ‘నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను’ అను. అక్కణ్ణుంచి అక్కని తీసుకుని వడ్రంగితో రైలెక్కు. ఆదివారం ఆరాధనకి బల్ల దగ్గర నేను నిలబడను, ఆ చోటు నీకు వదిలేశాను. ఉప్పునేలకి నడుద్దాం, ఆ మేకుల్ని నీ కళ్ళతో చూద్దువుగాని.

రేపంటే కుదరదు. ఈ శనివారంతోనే సభ ముగుస్తుంది. చెప్పులు గుమ్మంలోనే ఉంటాయి, వేసుకో. ఈ రోజే, ఈ ఉత్తరం మడవకుండానే, బయల్దేరు.